తట్టింది, వెలిగింది, రాలింది

నాకొక పిచ్చి ఉంది. ఉన్నట్టుండి మనసులోకి ఆలోచన వచ్చినప్పుడు ఎవరు దాన్ని ఏ మాటతో చెబుతారో చెవి ఒగ్గి వింటాను. విని ఊరుకోను, రాసిపెట్టుకుంటాను. బడిలో పనికిరాకుండా పోయిన పాత హాజరు పట్టీ ఒకటి నా దగ్గరుంది. పిల్లల పేర్లు ఉండాల్సిన గడుల్లో ఈ మాటలుంటాయి. పాతికేళ్లుగా తెలుగు పాఠాలు చెబుతున్న మనిషికి ఆ మాత్రం పిచ్చి లేకపోతే ఎట్లా అని నన్ను నేనే సమర్థించుకుంటాను.

"తట్టింది" అందరిదీ. ఎవరో వచ్చి తలుపు తట్టినట్టు, తీసేసరికి ఆలోచన గుమ్మంలో నిలబడి ఉన్నట్టు. "తోచింది" కొంచెం బద్ధకపు మాట. అది వాడేవాళ్లు, చెప్పబోయేది తప్పయితే తప్పుకోవడానికి ముందే దారి చూసుకుంటారు. "స్ఫురించింది" అని బతికున్న మనిషి నోట నేను వినలేదు, పరీక్ష పేపర్లలో చదవడమే. "వెలిగింది" మాత్రం ఎగతాళికే పుట్టింది. క్లాసు మొత్తానికి అర్థమైన పావుగంటకు ఒకడు "ఆఁ..." అంటాడు. "ఇప్పుడు వెలిగిందిరా వీనికి!" అని వెనక బెంచీ అంతా గొల్లుమంటుంది. నేను కసురుతాను గానీ లోపల నాకూ నవ్వొస్తుంది.

మా అమ్మది మధిర వైపు. ఆదివారం ప్రార్థన ఎన్నడూ తప్పని మనిషి. ఆమె పద్దే వేరు. "ప్రభువు మనసులో పెట్టాడమ్మా" అనేది. పెద్ద పెద్ద నిర్ణయాలకే కాదు, చింతచిగురులో ఎండురొయ్యలు వేద్దామన్న ఆలోచన కూడా ఆవిడకు ప్రభువే పెట్టేవాడు. అడవి అంచు ఊరివాణ్ణి, కొండదేవతలను కొలిచే ఇంటివాణ్ణి పెళ్లి చేసుకుంటానని నేను చెప్పిన రోజున మాత్రం, "మరి ఇది నీకెవరు పెట్టారే?" అని అడిగింది.

ఆ అడవి అంచు ఊరివాడు ట్రాక్టర్లు బాగుచేస్తాడు. అశ్వారావుపేట రోడ్డు మీద షెడ్డు. ఆయన మాట "దొరికింది". ఇంజను ఆన్ చేసి, స్క్రూడ్రైవరు కొన దాని మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. ఆ సమయంలో పలకరిస్తే పలకడు. ఉన్నట్టుండి కళ్లు తెరిచి "దొరికింది" అంటాడు. ఆయన లెక్కలో ఆలోచన కొత్తగా రాదు, ముందే లోపలెక్కడో పడి ఉంటుంది.

ఇక మా అత్తమ్మ మాట. ఆ హాజరు పట్టీలో దానికొక పేజీ మొత్తం వదిలాను. ఆమె "రాలింది" అనేది.

కాపురానికి వచ్చిన కొత్తలో మొదటిసారి విన్నాను. మేక తప్పిపోయింది. ఇంట్లో అందరం తలోదిక్కు పోయి వెతికి, కాళ్లు కొట్టుకుపోయి తిరిగొచ్చాం. అత్తమ్మ కదల్లేదు. అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ ఉంది. నాకు ఒళ్లు మండింది. ఇంతమందిమి తిరుగుతుంటే ఈమెకు చీమ కుట్టినట్టయినా లేదేమిటా అనుకున్నాను. మర్నాడు పొద్దున పళ్లు తోముకుంటూ తోముకుంటూ ఆగి, "రాలింది" అంది. నేరుగా వాగు అవతలి పాత ఇటుక బట్టీలోకి పోయి మేకను తోలుకొచ్చింది.

"రాలడమేంది అత్తమ్మా? ఆలోచన రాలదు, తడుతుంది" అన్నాను, టీచరు ఉద్యోగం వచ్చిన కొత్త గీర కదా.

"తట్టేది ఎవరు?" అని అడిగింది.

ఆమె మేకకు నీళ్లు పెట్టి, "ఎండకాలం రానీ బిడ్డ, సూపిస్త" అంది.

చూపించింది. ఇంకా తెల్లవారకముందు, మనుషుల మొహాలు మసకగా కనబడే వేళకు నన్ను ఇప్పచెట్టు దగ్గరికి తీసుకుపోయింది. ముందురోజే చెట్టు కింద గుండ్రంగా ఊడ్చి, ఎండుటాకులు కాల్చి, నేలను ఇంటి వాకిలిలా శుభ్రం చేసి పెట్టింది. ఆ ఊడ్చిన గుండ్రానికి బయట ఇద్దరం కూర్చున్నాం. గాలిలో తీపి వాసన, కొద్దిగా పులిసిన వాసన. నిద్ర తీరలేదు, మెలకువా రాలేదు. అడవంతా ఊపిరి బిగబట్టినట్టు ఉంది. అప్పుడు "టప్" మంది. లేత పసుపు రంగు పువ్వు ఒకటి, బొద్దుగా, తడిగా, ఊడ్చిన నేల మీద. కాసేపటికి ఇంకొకటి. తర్వాత నాలుగు. ఎక్కడ పడతాయో తెలియదు, ఎప్పుడు పడతాయో తెలియదు. ఎంతసేపు అట్లా కూర్చున్నానో నాకు గుర్తులేదు. ఆ పొద్దు నా జీవితంలో అన్నిటికన్నా మెత్తని పొద్దు.

"కొమ్మ ఊపితే ఎక్కువ పడతయి గదా?" అన్నాను.

"ఊపొద్దు. కొట్టొద్దు. పచ్చిది పడితే పనికిరాదు. కింద ఊడ్చి పెట్టాలె, కూసోవాలె. దానికై అది రాలాలె." ఒక పువ్వు తీసి నా అరచేతిలో పెట్టింది. "ఇగో, మనసుల మాట గూడ గిట్లనే."

ఆ చెట్టు మా ఇంటి చెట్టు. ఇక్కడ ఒక్కో ఇప్పచెట్టు ఒక్కో ఇంటిది. కాగితం లేదు, కంచె లేదు, అయినా ఒకరి చెట్టు కింద ఇంకొకరు పువ్వు ఏరరు. ఆడపిల్ల పెళ్లయి పోయిందంటే పుట్టింటి చెట్టు మీద ఆమెకు హక్కు పోతుంది. అది ఇక వదినెది. మెట్టినింటి చెట్టే ఆమె చెట్టు. అత్తమ్మ ఈ సంగతి చెబుతూ, "మా ఇంటి చెట్టు పువ్వు ఇంకా తీపి ఉండె" అని అడవిలో తూర్పు దిక్కు చూసింది. ఆమె పుట్టినూరు అటు, నడిస్తే గంటన్నర దారి. ఆ చూపును నేను అప్పుడు పట్టించుకోలేదు.

ఏళ్లు గడిచాయి. అత్తమ్మ అన్న చనిపోయాడు. వదినె పిల్లలతో టేకులపల్లి వైపు వెళ్లిపోయింది, తర్వాత ఆమె కూడా పోయింది. ఆ భూమి చేతులు మారి పామాయిల్ తోట అయింది. ఇల్లు కూలింది, చెట్టు కొట్టేశారు. ఆ కబురు విన్న రోజు అత్తమ్మ అన్నం తినలేదు.

నిరుటి నుంచి ఆమె మతిమరుపు ముదిరింది. మొదట్లో తనకే తెలిసేది. గిన్నె చేతిలో పట్టుకుని వంటింటి మధ్యలో నిలబడి, "రాలుతలేదు బిడ్డ" అని దీనంగా నవ్వేది. ఖమ్మం దవాఖానాలో డాక్టరు స్కానింగు ఫొటో వెలుతురుకు పట్టి, వయసుతో వచ్చేదే, తగ్గేది కాదు, ఒంటరిగా వదలకండి అన్నాడు. చలికాలం వచ్చేసరికి కొడుకుని "ఎవరయ్యా నువ్వు?" అని అడిగింది. నన్ను మాత్రం మర్చిపోలేదు, మార్చేసింది. "వదినె" అని పిలవడం మొదలుపెట్టింది.

"వదినెను కాదు అత్తమ్మా, కోడల్ని" అనేదాన్ని. మళ్లీ "వదినె" అనేది. మళ్లీ దిద్దేదాన్ని. తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేని చెయ్యి నాది. ఎర్ర సిరా పెన్ను ఒకటే తక్కువ.

మార్చి ఆఖరు. ఇప్పపువ్వు మొదలైంది. నాకు పదో తరగతి పిల్లల పేపర్ల కట్ట ఒకటి మిగిలిపోయింది. అత్తమ్మ రోజుకు పదిసార్లు ఒకటే అడిగేది, "వదినె, చెట్టు కింద ఊడ్చినవా?" మొదటి రెండు రోజులు ఓపిగ్గా చెప్పాను. మూడో రోజు, దీపాలు పెట్టే వేళ, పేపర్లు ముందేసుకుని ఉన్నాను. మళ్లీ వచ్చి నిలబడింది. "వదినె, చెట్టు కింద..." నాకు కోపం వస్తే మా మధిర భాష, దాంతోపాటు మీరూ గీరూ అన్నీ వచ్చేస్తాయి.

"ఊడవలేదు! అంత తొందరగా ఉంటే మీరే వెళ్లి ఊడ్చుకోండి!"

ఆమె బెదరలేదు, బాధపడలేదు. పాఠం అర్థమైన పిల్లలా తల ఊపి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున లేచేసరికి మంచం ఖాళీ. వాకిలి గడియ తీసి ఉంది. మూలనున్న చీపురు లేదు. చూరుకు వేలాడే వెదురు గంప లేదు.

ఊరంతా కదిలింది. చీపురు, గంప తీసుకుపోయిందంటే ఎక్కడికి పోయిందో అడగాల్సిన పనే లేదన్నారు. "ఇప్పచెట్టు కాడికే పోయి ఉంటది, ఇంకెటు పోతది?" అని మా చెట్టు దారి పట్టారు. అక్కడ లేదు. చెట్టు కింద చీపురు ఆనవాలు కూడా లేదు, ఆకులు ఆకులుగానే ఉన్నాయి. దారిలో ఎటో తిరిగిపోయి ఉంటుందని ఆ చుట్టుపక్కలే కేకలేస్తూ వెతికారు. మా ఆయన బైకు మీద బస్టాండు వైపు పోయాడు. ఎండ ఎక్కుతోంది. ఆమె నీళ్లు కూడా తీసుకుపోలేదు. పువ్వు కోసం ఎలుగుబంట్లు దిగే రోజులవి. ఎవరూ పైకి అనలేదు గానీ, పన్నెండు లోపల దొరక్కపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. రాత్రి ఆమెతో నేనన్న మాట నాకొక్కదానికే తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు. సిగ్గు. ఒక ముసలి ప్రాణం అడవిలో ఉండగా నేను సిగ్గుపడుతూ కూర్చున్నాను, ఇప్పటికీ నన్ను తినేది అదే.

తొమ్మిది దాటింది. వెతికేవాళ్లు వాగు వైపు పోయారు. నేను మా చెట్టు మొదట్లో కూలబడ్డాను. ఎక్కడికి పోయి ఉంటుంది, ఆలోచించు, ఆలోచించు అని నెత్తి కొట్టుకున్నాను. ఎంత కొట్టుకుంటే అంత ఖాళీ అయింది. ఏడుపు వచ్చింది, అది కూడా అయిపోయింది. చేతులు ఊరికే ఉండలేక పక్కనున్న ఎండుటాకులు పక్కకు తోస్తూ పోయాను. ఒక చేటంత నేల బయటపడింది. దాన్ని చూస్తూ ఉండిపోయాను. కేకలు దూరమయ్యాయి. పువ్వు వాసన మత్తుగా ఉంది. ఏమీ అనుకోవడం లేదు. నిద్రకీ మెలకువకీ నడుమ, పాతికేళ్ల కిందటి ఆ పొద్దులో మళ్లీ కూర్చున్నట్టుంది.

అప్పుడు ఆమె గొంతు వినబడింది. "వదినె."

నన్ను వదినె అన్నదంటే ఆమె ఎవరు? పెళ్లి కాని పిల్ల. ఆమె ఇల్లు ఏది? ఆమె చెట్టు ఏది?

తలుపు తట్టలేదు, దీపం వెలగలేదు. నిశ్శబ్దంగా పడింది, పడ్డాక గానీ పడిందని తెలియలేదు. లేచి పరుగెత్తాను. ఫోను చేసి ఆమె పుట్టినూరికి పోదామంటే మా ఆయన నమ్మలేదు.

"ఆడేముందే? ఇల్లు లేదు, చెట్టు గిట్ట ఏం లేదు గద!"

"ఆమెకు ఉంది. జల్దీ రా."

బైకు మీద వెనక కూర్చుని, రాత్రి అన్న మాట ఆయన వీపుకు చెప్పాను. మొహం చూస్తూ చెప్పే ధైర్యం లేదు. గాలికి వినబడలేదేమో అనుకున్నాను. పామాయిల్ తోటల మలుపు దగ్గర బండి నెమ్మది చేసి, "మొన్న నేను గూడ గట్లనే అన్న" అన్నాడు. అంతే.

తోటలో ఎండ లేదు. మట్టలు పైన కలుసుకుని పచ్చటి చీకటి. అన్ని చెట్లూ ఒకటే ఎత్తు, అన్ని వరుసలూ ఒకటే తీరు. ఈ తోటలో నాలాంటి చదువుకున్నది తప్పిపోతుంది. అత్తమ్మ తప్పిపోలేదు. వాగు వంపు నుంచి ఎన్ని అడుగులో కాళ్లకు తెలిసినట్టు సరిగ్గా ఆ చోటికే పోయింది. ఒక పామాయిల్ చెట్టు కింద గుండ్రంగా ఊడ్చి ఉంది. మట్టల చెత్తంతా అంచుకు తీసి, నేల వాకిలిలా ఉంది. ఆ గుండ్రానికి బయట, గంప ఒళ్లో పెట్టుకుని, మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. పెదాలు ఎండి పగిలాయి. కాళ్ల నిండా ముళ్ల గీతలు. కళ్లు మాత్రం హాయిగా ఉన్నాయి.

మమ్మల్ని చూసి గుసగుసగా, "ఇంకా రాలలే వదినె" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె కాళ్లు పట్టుకుని, "తప్పయింది అత్తమ్మా, రాత్రి గట్ల అనకుండా ఉండాల్సింది" అన్నాను. ఆమె వింతగా చూసింది. నేనన్న మాట ఆమెలో లేదు. పోయింది. క్షమించాలంటే ముందు గుర్తుండాలి కదా. ఆ తప్పు ఇక నా ఒక్కదాని దగ్గరే ఉంటుందని, దాన్ని దించుకునే చోటు లేదని అక్కడ తెలిసింది.

మా ఆయన నీళ్ల సీసా మూత తీసి ఇచ్చాడు. కొద్దికొద్దిగా తాగింది. లేవమంటే లేవలేదు. "రాలనీ" అంది. చల్లటి నీడే కదా, కాసేపు ఉండనివ్వమని ఆయనకు సైగ చేసి నేను ఆమె పక్కన కూర్చున్నాను.

"రాలుతది పిల్లా. నేను గూడ కూచుంట" అన్నాను. జీవితంలో మొదటిసారి ఆమెను దిద్దలేదు.

ముగ్గురం కూర్చున్నాం. ఎంతసేపో తెలియదు. పైన ఎక్కడో మట్ట కదిలింది. గెల పండినట్టుంది, "టప్" మని ఒక పండు ఊడ్చిన నేల మీద పడింది. నారింజ ఎరుపు, నున్నగా, ఇప్పపువ్వుకు ఏ పోలికా లేదు. అత్తమ్మ వంగి, రెండు వేళ్లతో తీసి, కొంగుకు తుడిచి గంపలో వేసుకుంది.

"రాలింది" అంది. మొహమంతా వెలుగు. అప్పుడు లేచింది.

ముందు దవాఖానాకు తీసుకుపోయి సెలైన్ పెట్టించాం. రెండు రోజుల్లో తేరుకుంది. ఆ హాజరు పట్టీలో ఆమె కోసం వదిలిన పేజీలో ఇంకేమైనా రాద్దామని కూర్చున్నాను గానీ ఏమీ రాయలేకపోయాను. దాన్ని మూసి పేపర్ల కట్ట ముందుకు లాక్కున్నాను.

పొద్దు పొడుస్తోంది. వెనకనుంచి గొంతు వినబడింది. "వదినె, చెట్టు కింద ఊడ్చినవా?"

మా వాకిట్లో ఉన్నది కానుగచెట్టు. ఎర్ర పెన్నుకు మూత పెట్టాను.

"ఊడ్వలే పిల్లా" అన్నాను. "నువ్వు లేస్తవని ఆగిన. పా, ఇద్దరం ఊడుద్దం."

ఆమె చీపురు అందుకుంది.